పాలమూరు కాళ్లు, ఔలి మంచు

మా పాలమూరులో ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి రెండో వారంలో, మేనల్లుడి పోరు పడలేక ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌కు, దాని నెత్తిమీద ఉన్న ఔలికి బయలుదేరాను. ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడనివాడు నలభై ఎనిమిదేళ్ల వయసులో, కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకోవడమేమిటని ఇంట్లో నవ్వారు. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి, అక్కడి నుంచి రాత్రి బస్సులో రిషీకేశ్‌కు, తెల్లవారాక జీపులో మరో 250 కిలోమీటర్లు ప్రయాణించాం. ఆ ఘాట్ రోడ్డు పక్కన రాయి మీద 7వ నంబరు జాతీయ రహదారి అని చూసి నాకు నవ్వొచ్చింది. జడ్చర్ల మీదుగా పోయే మా రోడ్డుకు 44 అన్న కొత్త నంబరు రాకముందు దానిదే ఆ 7. ఇప్పుడది బద్రీనాథ్ దారికి దక్కింది. దేవప్రయాగ దగ్గర పలకరించిన అలకనంద రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ దాటినా మమ్మల్ని వదల్లేదు.

చీకటి పడ్డాక జోషీమఠ్ చేరి, ఒక ఇంటి పైగదిలో దిగాం. పొద్దున లేచి చూస్తే మంచం పక్క గోడకు పైనుంచి కింది దాకా చీలిక, దాని వెంట పెన్సిల్‌తో రాసిన తేదీలు కనిపించాయి. 2023 జనవరిలో ఈ ఊళ్లో నేల కుంగి 800కు పైగా కట్టడాలు బీటలు వారిన సంగతి పేపర్లో చదివాను కానీ, అలాంటి గోడ పక్కన నిద్రపోతానని అనుకోలేదు. ఇంటాయన హిందీలో నిదానంగా చెప్పాడు: ఎర్ర గుర్తు పెట్టిన ఇళ్లు ఖాళీ చేయించారనీ, తనదానికి ఆ గుర్తు పడలేదనీ, తన లెక్క కోసం తానే తేదీలు వేసుకుంటున్నాననీ. ఈ పట్టణం పాత కొండచరియలు విరిగిపడ్డ మట్టీరాళ్ల కుప్ప మీద కూర్చుందనీ, ఇక్కడ భారీ కట్టడాలు వద్దనీ 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. నేల అంటే రాయే అనుకునే ఊళ్లో పుట్టినవాణ్ణి నేను. బావి తవ్వాలంటే మందు పెట్టి పేల్చాలి. మా మన్యంకొండ స్వామిని ‘ఉలి ముట్టని దేవుడు’ అంటాం. ఆ మాటే ఆయనతో అంటే, ‘అదృష్టవంతులు’ అని ఊరుకున్నాడు.

బద్రీనాథ్ గుడి మూసిన చలికాలమంతా స్వామికి పూజలు ఇక్కడి నరసింహాలయంలోనే జరుగుతాయి. నెల కిందటే సంక్రాంతికి సింగోటం నరసింహస్వామి జాతర చూసి వచ్చిన మాకు ఈ స్వామి పరాయివాడనిపించలేదు. విగ్రహం మణికట్టు ఏడాదికేడాది సన్నబడుతోందనీ, అది విరిగిననాడు కొండలు కలిసిపోయి బద్రీనాథ్ దారి మూసుకుపోతుందనీ, అప్పుడు స్వామి దగ్గర్లోని భవిష్యబద్రి గుడిలో కొలువుంటాడనీ ఇక్కడివారి నమ్మకం. కింద విష్ణుప్రయాగలో ధౌలీగంగ వచ్చి అలకనందలో కలుస్తుంది. 2021 ఫిబ్రవరి 7న ఆ లోయలో వచ్చిన వరదకు 200 మందికి పైగా బలయ్యారు. తపోవన్ దగ్గర సొరంగంలో పనిచేస్తున్న కూలీలు కూడా వారిలో ఉన్నారు. మా నాయన మేస్త్రీ వెంట శ్రీశైలం డ్యామ్‌కు మట్టిపనికి పోయినవాడు. మా జిల్లా వలస కూలీలను పిలిచే ‘పాలమూరు లేబర్’ అన్న మాట వింటూ పెరిగిన నాకు ఆ నదిని చూసి ఫొటో తీయబుద్ధి కాలేదు.

జోషీమఠ్ నుంచి ఔలికి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉంది కానీ, 2023 జనవరిలో నేల కుంగినప్పటి నుంచి దాన్ని ఆపేశారని చెప్పారు. చక్రాలకు గొలుసులు కట్టిన జీపులోనే పైకి పోయాం. బూట్లు అద్దెకిచ్చే దుకాణంలో నాకు ఒక సైజు తక్కువవి అంటగట్టి, తొడిగితే వదులవుతాయన్నారు. వదులు కాలేదు, సాయంత్రానికి బొటనవేలి గోరు నల్లబడింది. ఆ బూటు పిక్క దాకా బిగుసుకునే ప్లాస్టిక్ డొల్ల. మడమతో గట్టిగా తొక్కితే టక్కుమని స్కీకి అతుక్కుంటుంది. అప్పటి నుంచి కాళ్లు మనవి కావు. గఢ్వాలీ కుర్రాడు ముందుగా నేర్పింది జారడం కాదు, ఆగడం. ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, మోకాళ్లు వంచి, స్కీల లోపలి అంచులతో మంచును గీకుతూ దిగాలి. దీన్ని స్నోప్లౌ అంటారు. నాగలి పేరుంది కదా, కాపువాడి కొడుకుకు ఇట్టే వచ్చేస్తుందనుకున్నాను. కానీ భయం వేస్తే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది, వాలిన మరుక్షణం స్కీలు మనల్ని వదిలి ముందుకు పోతాయి. మూడు రోజులూ ఆ బుద్ధిని మాన్పించడానికే సరిపోయింది. ‘మామా, ముంగటికి వంగు! లోయ దిక్కు జూడకు!’ అని అల్లుడు వెనక నుంచి అరుపులు. మొదటి రోజు పదకొండుసార్లు పడ్డానని వాడి లెక్క. పడినా దెబ్బ తగలదు కానీ, మెడలోంచి దూరిన మంచు వెన్ను వెంట కరుగుతూ దిగడం మాత్రం మరిచిపోలేను.

మూడో రోజు పొద్దున గోర్సన్ బుగ్యాల్‌కు నడిచాం. బుగ్యాల్ అంటే ఇక్కడివారి మాటలో ఎత్తైన పచ్చికబయలు. ఈ కాలంలో పచ్చిక ఎక్కడిది, మోకాలి లోతు మంచే. చెట్లు దాటి బయటపడగానే ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి నిలబడి ఉంది. మరో పక్క ద్రోణగిరి. సంజీవని కోసం తమ కొండను పెరికిపోయాడని ఆ పేరున్న ఊరివాళ్లు హనుమంతుణ్ణి కొలవరట. ఊరూరా ఆంజనేయుడి గుడి ఉన్న జిల్లా నుంచి వచ్చినవాడిగా అది వినడానికి వింతగా ఉన్నా, పెరికినది వాళ్ల కొండనే కనుక ఆ కోపం న్యాయమైనదేననిపించింది. పైన గాలికి మాట పెగల్లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు నమిలి తిరిగి వచ్చాం.

బయలుదేరే రోజు ఇంటాయన మా గదికి వచ్చి, చీలికలో అగ్గిపుల్ల దూర్చి చూశాడు. పాత గీత దగ్గరే ఆగింది. పెన్సిల్ తీసి ఆనాటి తేదీ వేశాడు. మిగిలిన సకినాలు ఆయన చేతిలో పెడితే ఒకటి కొరికి, దవడ పట్టుకుని, ‘మీ ఊళ్లో తినేవి కూడా రాళ్లేనా?’ అని అడిగాడు.