డీవీడీ బాక్సులో నటుడి వాటా

"ఈ సెట్ కొంటే ఇందులో నటించిన ఆ పెద్దాయనకి ఎంతో కొంత వెళ్తుంది కదూ?" పొద్దున్నే ఒక ఫ్రెండ్ పాత అమెరికన్ సిట్‌కామ్ (టీవీ హాస్య సీరియల్) డీవీడీల ఫొటో పెట్టి అడిగిన ప్రశ్న.

సెకండ్ హ్యాండ్ అయితే పైసా వెళ్లదు. కొత్తదైతే లెక్క చూడండి.

హోల్‌సేల్ ధర 20 డాలర్లు అనుకుందాం. అందులో 20 శాతమే, అంటే 4 డాలర్లే నటుల వాటా లెక్కలోకి వస్తుంది. వీడియో టేపుల తయారీకి ఖర్చెక్కువ అన్న రోజుల్లో ఒప్పుకున్న పద్ధతి ఇది. డిస్కు చవకయ్యాక కూడా స్టూడియోలు దాన్ని వదల్లేదు, ఎందుకు వదులుతాయిలెండి! ఆ నాలుగులో నటుల వాటా 4.5 శాతం, మొదటి పది లక్షల డాలర్లు దాటాక 5.4. అంటే బాక్సుకి 18 సెంట్లు. అదీ ఒక్కరికి కాదు, నటీనటులందరూ పంచుకోవాలి.

1974కి ముందు షోలైతే టీవీ రీరన్‌లకే (మళ్లీ ప్రసారం చేసినప్పుడు) కొన్నిసార్ల తర్వాత నటులకి డబ్బు ఆగిపోయేది. ఇక వీడియో సంగతి పాత కాంట్రాక్టులో ఏం రాసుకున్నారో దాన్నిబట్టే.

అట్ట మీద ముఖం వేస్తే అది మళ్లీ వేరే పద్దు. అమెరికన్ సిట్‌కామ్ 'హ్యాపీ డేస్' నటులు కొందరు 2011లో కోర్టుకెక్కింది తమ బొమ్మలతో అమ్మిన సరుకుల డబ్బు కోసమే. మరుసటి ఏడాది రాజీ కుదిరింది, తలా 65,000 డాలర్లట.

బాగా సంపాదించింది 'ఐ లవ్ లూసీ' సిట్‌కామ్ నటి లూసీల్ బాల్ దంపతులు. వాళ్లు ఆ షో హక్కులే తమ దగ్గర పెట్టుకుని, తర్వాత దాన్ని ప్రసారం చేసిన టీవీ నెట్‌వర్క్ సీబీఎస్‌కే అమ్ముకున్నారు.