స్తూపం ఎవరిది, దాని పక్క స్టాల్ ఎవరిది

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటి, చిట్యాల ఇంకా రాకముందే గుండ్రాంపల్లి వస్తుంది. బస్సు అక్కడ ఆపుతారో లేదో ఎక్కేముందే కండక్టర్‌ను అడగాలి. ఆపకపోతే చిట్యాలలో దిగి ఆటోలో వెనక్కి రావాల్సిందే. నిజాం పాలన చివర్లో రజాకార్లు జనాన్ని చంపిన ఊరు ఇది. ఇక్కడికి ఎర్ర జెండాలూ వస్తాయి, కాషాయ జెండాలూ వస్తాయి. 2017 మేలో అమిత్ షా కూడా వచ్చి నివాళి అర్పించారు. పార్టీలు అమరుల స్తూపాలను సొంత దుకాణాలు చేసుకుంటున్నాయన్న అనుమానం నల్లగొండ జిల్లాలో పాతదే. అందులో నిజమెంతో చూద్దామని మేము ఇక్కణ్నుంచి నార్కట్‌పల్లి, నకిరేకల్ వైపు ఊరూరా ఆగుతూ వెళ్లాం.

ముందే ఒక మాట. స్తూపం ఎర్రగా ఉందని, పైన సుత్తి కొడవలి ఉందని అనుమానపడితే పొరపాటే. నిజాం మీద సాయుధ పోరాటాన్ని నడిపింది సంఘం (ఊళ్లలో ఆంధ్ర మహాసభకు ఉన్న పేరు), కమ్యూనిస్టులు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక వచ్చిన 1952 ఎన్నికల్లో, ఇదే నల్లగొండలో రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన మెజారిటీతో గెలిచారు. పార్టీ చీలింది 1964లో. ఓటు గుర్తుగా సీపీఐది కంకి కొడవలి, సీపీఎంది సుత్తి కొడవలి నక్షత్రం. సుత్తి కొడవలి మాత్రం ఈ చీలికకన్నా ముందునుంచే ఇద్దరిదీ. అందుకే కొన్నిచోట్ల అమరుడు ఒకడే, వర్ధంతి సభలు రెండు.

చూడాల్సింది శిలాఫలకం. కట్టిన డబ్బు ఎంపీ నిధులదా, ఎమ్మెల్యే నిధులదా, పంచాయతీదా, చందాలదా అన్నది దాని మీద ఉండాలి. గ్రానైట్‌లో చెక్కి రంగు నింపిన అక్షరాలను దిద్దడం కుదరదు. పేరు మార్చాలంటే పలకనే మార్చాలి. కాబట్టి దిమ్మె పాతదై, పలక కొత్తదై, దాని అంచున సిమెంటు తాజాగా కనిపిస్తే పాత పలక ఏమైందని ఊరి పెద్దలను అడగండి. అమరుల పేర్లకన్నా ఆవిష్కర్తల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటే ఇక అడగాల్సిన పనే లేదు!

1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు, సెప్టెంబర్ 17 దగ్గరపడితే ఫ్లెక్సీలు లేస్తాయి. విమోచనం అని ఉంటే కాషాయం వాళ్లది, విలీనం అని ఉంటే ఎర్రజెండా వాళ్లది. రాష్ట్ర ప్రభుత్వమే 2022లో జాతీయ సమైక్యతా దినం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. ఫ్లెక్సీ మీద ఫొటో చూడకుండానే అది ఎవరిదో తెలిసిపోతుంది. వాటివల్ల అసలు నష్టం రాతలతో కాదు, మేకులతో. ఫ్లెక్సీ కోసం దిమ్మెకు మేకు కొడితే ప్లాస్టర్ చిట్లి, ఆ సందులోంచి వాన నీరు దిగి, కొన్నాళ్లకు అది ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. గ్రిల్‌కు కట్టిన ఇనుప తీగను సభ అయ్యాక ఎవరూ విప్పరు. తీగ ఒరుసుకున్నచోట పెయింట్ లేచి తుప్పు పడుతుంది.

ఇక అమ్మకాలు. సభల దగ్గర పుస్తకాలు, కండువాలు, క్యాలెండర్లు అమ్మడం కొత్తేమీ కాదు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరు, ధర ఉంటాయి, కండువా రంగే దాని పార్టీ చెబుతుంది. ఇవి బాహాటపు బేరాలు. వీటితో పేచీ లేదు. పేచీ అంతా ‘స్మారక నిధి’ అని రాసిపెట్టి కీచైన్లు, బ్యాడ్జీలు అమ్మే బల్లతోనే. అలాంటిచోట క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, డబ్బు పంపకముందే తెర మీద వచ్చే పేరు చదవండి. బల్ల మీద కమిటీ పేరుండి ఫోన్‌లో వ్యక్తి పేరు వస్తే ఆగిపోవాలి. అంతమాత్రాన దొంగతనమని కాదు. చిన్న కమిటీలకు బ్యాంకు ఖాతా లేక కోశాధికారి నంబరే వాడటమూ ఉంది. అప్పుడు వరస నంబరు, కమిటీ పేరు, సంతకం ఉన్న రశీదు అడగాలి. రశీదు పుస్తకమే లేదంటే ఆ డబ్బు స్తూపానికి చేరుతుందని నమ్మడానికి ఆధారమేదీ లేనట్టే.

బల్లవాళ్లతో వాదన పెట్టుకోవద్దు, పని జరిగేది పంచాయతీ ఆఫీసులో. స్తూపం స్థలం ఎవరిది, కట్టడానికి తీర్మానం ఉందా, రంగులకు, మరమ్మతులకు ఎవరు ఎంత ఖర్చుపెట్టారు, అమ్మకాలకు అనుమతి ఉందా అని సమాచార హక్కు కింద విడివిడి ప్రశ్నలుగా రాయాలి. ‘అక్రమాలు జరుగుతున్నాయా’ అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితాల నకళ్లే అడగాలి. గ్రామస్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. కార్యదర్శి 30 రోజుల్లో జవాబివ్వాలి. రికార్డు లేదని నోటిమాటగా చెబితే ఒప్పుకోకుండా, అదే ముక్క రాసి ఇవ్వమనండి. జవాబు అందిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలుకు ఆ కాగితమే జతచేయాలి.