నన్నడిగిన మనిషి

రాత్రి బాత్రూమ్‌కని లేచాను. కళ్ళు తిరిగాయి, గడప దగ్గర పడిపోయాను. కాలు పొట్టిగా అయిపోయి, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. అంబులెన్స్‌లో వచ్చిన కుర్రాడు అది చూడగానే తుంటి ఎముక విరిగిందని, ఎక్స్‌రే లేకుండానే చెప్పేశాడు. మర్నాడే ఆపరేషన్. ఈ వయసులో అంత తొందరేమిటని మా అబ్బాయి ఫోన్లో డాక్టరుతో గొడవపడ్డాడట. కానీ తుంటి విరిగిన పెద్దవాళ్ళకి ఒకటి రెండు రోజుల్లోపే చేసెయ్యడం మంచిది. మంచాన పడి ఉన్నకొద్దీ ఊపిరితిత్తులకి నిమ్ము చేరడం, వీపు మీద పుండ్లు, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం, అన్నీ కాచుకుని ఉంటాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ మర్నాటి రాత్రి నుంచి నేనే బాగాలేను. గోడ మీద చీమలు బారులు తీరి పాకుతున్నాయి, తుడవమంటే ఎవరూ తుడవరు. ఎప్పుడో పోయిన మా అక్క పేరు పెట్టి నర్సుని పిలిచానట. సెలైన్ గొట్టం పీకేశానట. పగలు కాస్త మామూలుగా మాట్లాడి, పొద్దు వాలేసరికి మళ్ళీ మొదలుపెట్టేదాన్నట. ఇవన్నీ తర్వాత వాళ్ళు చెబితే విన్నవే. నాకు గుర్తున్నది చీమలొక్కటే.

పిల్లలు హడలిపోయారు. అమ్మాయి నా పక్కన, అబ్బాయి ఎక్కడో దూరాన ఫోన్లో. అమ్మకి మతి పోయింది, ఇక ఒక్కతే ఉండలేదు, ఏదైనా హోమ్ చూద్దాం, ఇల్లు అమ్మేద్దాం. నేను మంచం మీద ఉండగానే ఈ మాటలన్నీ నా మీదుగా నడిచాయి. వాళ్ళని తప్పుపట్టను. ఇద్దరికీ ఉద్యోగాలు, నిద్రల్లేవు, ఒక్కో డాక్టర్ ఒక్కో మాట చెబుతున్నాడు. చివరికి మా కోడలు ఎవరినో కనుక్కుని ఒక కేర్ మేనేజర్‌ని, అంటే పెద్దవాళ్ళ వైద్యం, సంరక్షణ దగ్గరుండి పర్యవేక్షించే మనిషిని, మాట్లాడింది.

ఆవిడ ఒకప్పుడు నర్సు. వచ్చీ రాగానే మా అమ్మాయిని అడిగిన మొదటి మాట, "అమ్మగారి కళ్ళజోడేది? చెవి మిషన్ పెట్టుకుంటారా?" రెండూ ఇంట్లోనే ఉండిపోయాయి. అంబులెన్స్ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? సరిగ్గా కనపడక, వినపడక, కిటికీ లేని గదిలో పగలో రాత్రో తెలియక పడి ఉన్న మనిషికి చీమలు కనపడక ఏమవుతాయి! దీన్ని డెలీరియం అంటారనీ, పెద్ద ఆపరేషన్ల తర్వాత వయసు మళ్ళినవాళ్ళలో చాలామందికి వస్తుందనీ ఆవిడే మావాళ్ళకి విడమర్చి చెప్పింది. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ళ మీద ముదురుతుంది. ఇది గంటల్లో వస్తుంది, పూటపూటకీ మారుతుంది, చాలామందికి తగ్గిపోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, నొప్పికి మందు సరిపోవడం లేదేమో, విరేచనం కాలేదేమో చూడమని డ్యూటీ డాక్టరుని అడిగింది. "ఇల్లు గురించి ఈ వారంలో ఏ నిర్ణయమూ వద్దు" అని పిల్లలిద్దరికీ కచ్చితంగా చెప్పింది.

కళ్ళజోడు వచ్చింది, మిషన్ వచ్చింది, మంచం కిటికీ దగ్గరికి మారింది. చీమలు పోయాయి.

డిశ్చార్జ్ అయ్యాక ఆవిడ చేసిన పెద్ద పని మందుల పెట్టె బోర్లించడం. స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి, పైన ఉన్న బ్రాండ్ పేర్లు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదివింది. ఒక డాక్టర్ రాసిన బీపీ మాత్రలో ఆమ్లోడిపిన్. ఇంకో డాక్టర్ రాసిన, రెండు మందులు కలిసిన మాత్రలోనూ ఆమ్లోడిపినే. పైగా జలుబుకని కొని, నిద్ర బాగా పడుతోందని నేను రోజూ వేసుకుంటున్న మాత్ర. అలాంటివి పెద్దవాళ్ళకి తికమకని, తూలుడుని తెచ్చిపెడతాయట. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. లేచేసరికి బీపీ పై అంకె 20 పాయింట్లకి మించి తగ్గిపోతోంది. ఆ రాత్రి నేనెందుకు పడ్డానో అప్పుడు తెలిసింది. అయితే ఏ మాత్రా తను ఆపలేదు. అంతా ఒక కాగితం మీద రాసి, నాతో డాక్టర్ దగ్గరికి వచ్చి, ఆ కాగితం ఆయన ముందు పెట్టింది. రెండు మాత్రలు ఆయనే కొట్టేశారు.

స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాల అదుపు, తినడం. ఈ ఆరింటిలో ఏవి సొంతంగా చేసుకోగలనో నన్నే అడిగి రాసుకుంది. మా అబ్బాయి జవాబు చెప్పబోతే "ఆవిణ్ణి చెప్పనివ్వండి" అంది. ఈ పట్టిక 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించిందట, అదీ తుంటి విరిగినవాళ్ళని గమనిస్తూ తయారుచేసినదట. నాలాంటివాళ్ళ లెక్కే అన్నమాట! మొదటిసారి నాకు ఆరింటిలో రెండే వచ్చాయి. సిగ్గేసింది.

స్నానం చేయించడానికి ఆయా వేరే. చాలామంది కేర్ మేనేజర్ అంటే అన్నీ తనే చేసిపెట్టే మనిషి అనుకుంటారు. కాదు. ఆయా సరిగ్గా వస్తోందో లేదో, ఫిజియో ఎందుకు మానేశాడో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఎప్పటిదాకానో, ఇవన్నీ పట్టించుకునే మనిషి. గంటల లెక్కన ఫీజు తీసుకుంటుంది. పెట్టుకునేముందు మా కోడలు ఒక ప్రశ్న అడిగిందట: ఆయాల ఏజెన్సీల నుంచి, హోమ్‌ల నుంచి మీకు కమీషన్ వస్తుందా అని. నాకు చాలా నచ్చిన ప్రశ్న. కమీషన్ తీసుకునే మనిషి నన్ను ఏ హోమ్‌లోనో చేర్పించకుండా వదులుతుందా?

వాకర్ నుంచి కర్రకి వచ్చాను. కర్ర బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. నేను రెండో చేతిలో పట్టుకుంటే ఫిజియో అమ్మాయి రోజూ విసుక్కునేది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. ఇప్పటికీ దిగేముందు ఒక్క క్షణం ఆగి లోపల అనుకుంటాను. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చునే పరీక్ష పెట్టినప్పుడల్లా గడియారం వంక దొంగచూపులు చూస్తాను, పరీక్ష హాల్లో పిల్లల్లా. ఎముకలు గుల్లబారినందుకు మందు విడిగా నడుస్తోంది. చల్లగాలికి తుంటి సలుపుతుంది. నా ఇంట్లోనే ఉన్నాను.

ఆవిడ ఇప్పుడు నెలకోసారి వస్తోంది. మొన్న మెడలో వేసుకునే అలారం బటన్ తెచ్చింది, పడితే నొక్కాలట. వద్దన్నాను. మెడలో అది వేలాడుతుంటే అద్దంలో రోగిష్టిదాన్ని చూసినట్టుంటుంది. మా అబ్బాయి ఫోన్లో కేకలేశాడు. ఆవిడ మాత్రం "అమ్మగారు వద్దన్నారు, ఎందుకన్నారో రాసుకున్నాను. వచ్చే నెల మళ్ళీ అడుగుతాను, చేతికి వాచీలా పెట్టుకునేది కూడా చూపిస్తాను" అంది. వాచీలాంటిదైతే ఆలోచిస్తానన్నాను.