పాడుబడ్డ బొగ్గు ఊరి నుంచి సిడ్నీ ఓపెరా హౌస్ దాకా

మా హన్మకొండల బ్యాండ్ పెట్టుకున్న పోరగాండ్లతోటి ఎప్పుడు మాట్లాడినా ఒకటే పాట, అన్నా ఈడ ఉంటే ఏం కాదే, హైదరాబాద్ పోవాలె, అక్కడ కూడ కాకపోతే బెంగళూరు, ఇగ దేశం దాటాలంటే మన యాస, మన ఊరు అన్నీ పక్కకు పెట్టి ఇంగ్లీషోని లెక్క కనబడాలె అని. నేను వాళ్లకు ఒక డెన్మార్క్ బ్యాండ్ కథ చెప్తుంట. చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టింది గాని ఎవరూ సగం కూడ వినరు, అందుకే ఇగ రాసి పెడ్తున్న, మళ్ల అడిగినోళ్లకు లింక్ పంపి ఊకుంట.

బ్యాండ్ పేరు ఎఫ్టర్‌క్లాంగ్. కాస్పర్ క్లాసెన్ పాడ్తడు, రాస్మస్ స్టోల్‌బెర్గ్ బేస్, మాడ్స్ బ్రావర్ ఎలక్ట్రానిక్స్ చూసుకుంటడు. ముగ్గురూ ఆల్స్ అనే దీవిల పెరిగినోళ్లు, డెన్మార్క్‌కు దక్షిణాన, జర్మనీ బార్డర్ దగ్గర ఉంటది ఆ దీవి. కోపెన్‌హాగన్ పోయి 2000ల బ్యాండ్ మొదలుపెట్టిండ్రు. సొంతంగ రూమ్‌రాకెట్ అని చిన్న లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ, పెట్టుకొని ఫస్ట్ ఈపీ, అంటే కొన్ని పాటల చిన్న ఆల్బమ్, వాళ్లే వేసుకున్నరు. 2004ల ట్రిప్పర్ అనే ఆల్బమ్‌ను లీఫ్ అనే బ్రిటన్ లేబుల్ తీస్కున్నది, అక్కడి నుంచి బయటోళ్ల చెవుల పడ్డరు. 2007ల పరేడ్స్ ఆల్బమ్, 2010కి ఫోర్ ఏడీ లాంటి పెద్ద లేబుల్‌కు చేరిండ్రు. ఇదంతా నెట్‌ల దొరికే ముచ్చటే, దాని మీద ఎక్కువసేపు కూసోను.

వీళ్లను పోస్ట్ రాక్ బ్యాండ్ అంటరు, అదేందో తెల్వనోళ్లకు ఒక మాట. 1994ల సైమన్ రెనాల్డ్స్ అనే బ్రిటన్ క్రిటిక్ ఈ పేరును వాడకంలకు తెచ్చిండు. గిటారు, డ్రమ్స్ అన్నీ రాక్‌ల ఉండేటివే గాని పల్లవి చరణం అని లెక్క ఉండదు, చాలాసార్లు పాడెటోడే ఉండడు, ఒక చిన్న చప్పుడుతోటి షురువై మెల్లమెల్లగ మీదికి మీదికి పేరుకుంట పోతది. కాజీపేట అవుటర్ల ఆగిన గూడ్స్ బండి కదిలెటప్పుడు చూడుండ్రి, ముందు డబ్బా దడ్ మంటది, దాని ఎన్క ఇంకోటి, దాని ఎన్క ఇంకోటి, ఆఖరు డబ్బా అందుకునే వరకు ముందట ఇంజన్ ఎక్కడో ఉంటది, అట్ల ఉంటయి ఈ పాటలు. ఓపిక లేనోళ్లకు పనికిరావు, మా తమ్ముడైతే రెండు నిమిషాలు విని ఇంకా మొదలు కాలేదా అన్నడు. నిజం చెప్పాలంటే ఎఫ్టర్‌క్లాంగ్ మొదటి ఆల్బమ్‌లే పోస్ట్ రాక్ కిందికి వస్తయి, రాను రాను పాప్ దిక్కు జరిగిండ్రు, దాని గురించి ఫ్యాన్స్ కొట్లాడుకుంటుంటరు, నాకైతే ఆ లొల్లి అక్కర్లేదు.

నాకు నచ్చింది వాళ్లు బయటికి పోయిన పద్ధతి. 2010 ఎండాకాలం ఫ్రెంచ్ డైరెక్టర్ విన్సెంట్ మూన్‌ను తీస్కొని మళ్ల ఆ ఆల్స్ దీవికే పోయిండ్రు, తల్లిదండ్రులను, ఊరి పిల్లగాండ్లను, లోకల్ వాయిద్యాలోళ్లను అందరినీ కలిపి ఒక సినిమా తీసిండ్రు, ఆన్ ఐలాండ్ అని. తీసినంక థియేటర్లకు ఇయ్యలే. ఎవరైనా అడిగితే ఇస్తం, మీ ఇంట్లనే వేసుకోండి, షరతులు రెండే, టికెట్ పెట్టొద్దు, కనీసం ఐదుగురు కూసునేంత జాగ ఉండాలె అన్నరు. 2011ల ఇట్ల ప్రపంచం మీద ఎక్కడెక్కడనో ఇండ్లల్ల, కేఫ్‌లల్ల ఆ సినిమా ఆడింది. బ్యాండ్ విమానం ఎక్కి పోకుండనే వాళ్ల ఊరి మొఖాలు మంది ఇండ్లల్లకు చేరినయి. ఐదుగురంటే మా ఇంట్ల రోజూ టీవీ ముందట ఉండే బలగం. నాకు అప్పటికి ఈ సంగతి తెలిస్తే హన్మకొండల కూడ ఒక షో పడేది.

ఇగ అసలు ముచ్చట, పిరమిడా. ఇది 2012ల వచ్చిన ఆల్బమ్. ఉత్తర ధ్రువం దిక్కు స్వాల్‌బార్డ్ దీవులు ఉన్నయి, నార్వే ఏలుబడి కింద, అండ్ల పిరమిడెన్ అని ఒక బొగ్గు ఊరు. 1910ల స్వీడన్ వాళ్లు పెడితే 1927ల సోవియట్ యూనియన్ కొనుక్కున్నది. మంచి రోజులల్ల వెయ్యి మంది దాక ఉండేటోళ్లు, కల్చర్ హౌస్, స్విమ్మింగ్ పూల్, జిమ్, కార్మికులకు మెస్, మధ్యల లెనిన్ విగ్రహం, మా సింగరేణి క్వార్టర్స్, క్లబ్బులు తెలిసినోళ్లకు ఇదంతా కొత్తగ అనిపియ్యదు. 1998ల బాయి మూసేసిండ్రు, కొన్ని నెలల్ల ఊరు మొత్తం ఖాళీ. మంచాలు, పుస్తకాలు, పియానో, అన్నీ ఎక్కడియి అక్కడనే ఇడిసిపెట్టి పోయిండ్రు.

2011 ఆగస్టుల ఈ ముగ్గురు రికార్డర్లు, మైకులు పట్టుకొని అక్కడికి పోయిండ్రు, వారం పైన ఉన్నరు, తుపాకి పట్టుకున్న గైడ్ పక్కన లేకుండ బయటికి పోనియ్యరు ఎందుకంటే తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతయి. కనబడ్డదల్లా కొట్టిండ్రు. ఖాళీ చమురు ట్యాంకులు, లైట్ల గాజులు, సీసలు, చెక్క బాట మీద ఉరికితే వచ్చే అడుగుల చప్పుడు, కల్చర్ హౌస్‌ల శృతి పోయిన ఆ పియానో కూడ. వెయ్యికి పైన చప్పుళ్లు రికార్డు చేసుకొని వచ్చిండ్రు, వాటి మీద పాటలు కట్టిండ్రు. ఫస్ట్ పాట హాలో మౌంటేన్, దాని మొదట్ల టింగ్ టింగ్ మని వచ్చేది కీబోర్డ్ అనుకునేరు, అక్కడి చమురు ట్యాంకుకు ఉన్న ఇనుప పుల్లలను కొట్టిన చప్పుడు అది.

ఈ పాటను మా మామకు వినిపించిన. మా మామ బెల్లంపల్లిల బొగ్గు బాయి దిగినోడు, బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పట్టిన చేతులు, రిటైరై అక్కడనే ఉంటడు. బెల్లంపల్లి చుట్టుపక్కల అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డంక మంది శ్రీరాంపూర్ అని, భూపాలపల్లి అని ట్రాన్స్‌ఫర్లయి పోయిండ్రు, గల్లీలు సగం ఖాళీ, ఆయన మాత్రం కదలలే. ఇయర్‌ఫోన్స్ చెవుల పెడితే అటు ఇటు చూసుకుంట కొంచెంసేపు విన్నడు, పాట మొత్తం షురువు కాకముందే,

"ఎవడో ఇనుమును కొడ్తుండు అల్లుడా, లోపల డొల్ల ఉన్నది" అన్నడు.

నేను ఇంకా ఆయనకు ట్యాంకు సంగతి చెప్పనే లేదు.

"ఎట్ల తెలిసింది మామా?"

"బండ కొట్టి కొట్టి బతికినోణ్ణి, ఆ మాత్రం తెల్వదా?"

అప్పుడు చెప్పిండు. బాయిల పనికి కూసునే ముందుగాల పైన ఉన్న బండను కడ్డీతోటి కొట్టి చూస్తరు. గట్టిగ ఉంటే ఖంగుమని మోగుతది, అది మంచిది. పొర ఇడిసి ఉంటే డబ్ మని మొద్దు చప్పుడొస్తది, అప్పుడు దాని కింద నిలబడొద్దు, ముందు దాన్ని రాల్చాలె లేకుంటే కట్టెల సపోర్ట్ పెట్టాలె. పెట్టిన కట్టె కూడ ఊకుండదట, మీద బరువు పడ్డకొద్ది చిటచిట మంటది, ఆ చిటచిట వినబడంగనే తట్టలు ఆడనే పడేసి ఉరుకుడే. "లైటు కంటె చెవే ఎక్కువ పని చేస్తది లోపల" అన్నడు మామ. తర్వాత మళ్ల ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఆల్బమ్ సగం దాకా విన్నడు. నచ్చిందా అంటే, "పాట అర్థం కాలే, చప్పుడు మాత్రం సాఫ్‌గ ఉంది, కొట్టినోడు చేయి తిరిగినోడు" అన్నడు. నేను చదివిన రివ్యూలల్ల ఏ ఒక్కడూ ఇంత కరెక్టుగ రాయలే.

సరే, టూర్ సంగతి. ఆల్బమ్ బజార్లకు రాకముందే, 2012 మేల, సిడ్నీ ఓపెరా హౌస్‌ల సిడ్నీ సింఫనీ ఆర్కెస్ట్రాతోటి ఈ పాటలను మొట్టమొదట వాయించిండ్రు. పాడుబడ్డ బొగ్గు ఊర్ల ట్యాంకులను కొట్టిన చప్పుడు పోయి పోయి ఆ హాల్‌ల పడ్డది. ఆర్కెస్ట్రా కోసం పాటలను కార్స్టన్ ఫుండాల్ అనే డెన్మార్క్ కంపోజర్ నొటేషన్ల రాసి పెట్టిండు, అది పెద్ద తెలివైన పని, ఎందుకంటే యాభై మందికి విమానం టికెట్లు ఎవడు పెట్టుకుంటడు, బ్యాండోళ్లు నలుగురైదుగురు, చేతుల కాగితాల కట్ట, ఏ ఊరికి పోతే ఆ ఊరి ఆర్కెస్ట్రా వాయిస్తది. కోపెన్‌హాగన్ ఫిల్ అనే ఆర్కెస్ట్రాతోటి చేసిన కచేరీని మరుసటేడు ఆల్బమ్‌గ కూడ వేసిండ్రు. 2014 ఫిబ్రవరిల మళ్ల ఆల్స్ దగ్గరనే సోండర్‌బోర్గ్‌ల లాస్ట్ కాన్సర్ట్ అని పేరు పెట్టి ఒకటి చేసి ఆపేసిండ్రు, మంది ఏడ్చిండ్రు, 2019ల మళ్ల కొత్త ఆల్బమ్ తోటి వచ్చిండ్రు, అది మొత్తం డేనిష్‌లనే పాడిండ్రు. ప్రపంచం అంత తిరిగినంక సొంత భాషకు వచ్చుడు, ఇది మన పోరగాండ్లు జర గట్టిగ వినాలె.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె, డెన్మార్క్‌ల సర్కారు చెయ్యి ఉంటది. మొత్తం దేశం జనాభా 60 లక్షలు, మన పాత వరంగల్ జిల్లా ఒక్కటే 2011 లెక్కల్ల 35 లక్షలు. అక్కడ ప్రతి మున్సిపాలిటీ పిల్లల కోసం మ్యూజిక్ స్కూల్ నడపాలె, చట్టమే ఉంది. ఆర్ట్స్ ఫౌండేషన్ నుంచి ఆర్టిస్టులకు గ్రాంట్లు వస్తయి. రోస్‌కిల్డే అని పెద్ద ఫెస్టివల్ 1971 నుంచి నడుస్తుంది, లాభం మొత్తం దానాలకే పోతది. మన దగ్గర ప్రాక్టీస్ రూమ్ అద్దె కట్టుడే కష్టం, పక్కింటోళ్లు చప్పుడని లొల్లి పెడ్తరు, అది నాకు తెల్వదా. కాని ఆ ట్యాంకును కొట్టెతందుకు గ్రాంటు అక్కర్లేదు కదా. డొల్ల కడ్డీ, రేకు డబ్బా, ఫోన్ల ఉన్న రికార్డర్, ఇవన్నీ హన్మకొండల కూడ దొరుకుతయి. ఎల్లందు దగ్గర 1871ల బొగ్గు దొరికినప్పటి నుంచి ఈ దిక్కు ఎన్ని బాయిలు మోగినయో, వాటి చప్పుడు ఒక్కటి కూడ ఏ పాటల పడ్డట్టు నేను వినలే.

కొత్తగ వినెటోళ్లు పిరమిడా నుంచి మొదలుపెట్టుండ్రి, ఫోన్ స్పీకర్ల వద్దు, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ట్రిప్పర్ తర్వాత చూసుకోవచ్చు. మంచి మైకు, రికార్డర్ ఉన్నోళ్లు మన దిక్కు ఎవరన్నా ఉంటే నాకు చెప్పుండ్రి, బెల్లంపల్లి పోదాం, మామను ఒప్పించుడు నా పని. ఎండాకాలం మాత్రం వద్దు, ఆ ఎండకు మైకు పట్టుకునుడు కూడ అయ్యే పని కాదు.