రెండు పాత కార్డులా, ఒక్క కొత్త కార్డా?

పర్లాకిమిడిలో మా మేడమీది గదిలో ఉన్న కంప్యూటరులో 2015 నుంచి రెండు జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డులు జంటగా ఉండేవి. పగలు పెళ్ళి వీడియోల ఎడిటింగు, పొద్దుపోయాక కాసేపు ఆటలు, ఇవే వాటి పనులు. గత వేసవిలో ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పైకార్డు వేడి 80 డిగ్రీలు దాటుతున్నా కిందికార్డు మాత్రం ఏ పనీ లేనట్టు చల్లగా ఉండడం గమనించాక, ఈ జంటను తీసివేసి ఒక్క కొత్త కార్డు పెట్టుకోవడం మేలేమోనన్న ఆలోచన మొదలైంది. తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

కొన్ననాడు నా లెక్క చాలా సులువుగా ఉండేది. కార్డుకు 4 జీబీ మెమరీ కనుక రెండింటికీ 8, కార్డుకు 1664 కోర్లు కనుక రెండింటికీ 3328. ఇందులో మొదటి కూడిక అసలే చెల్లదు. రెండు కార్డులను జంటగా నడిపే ఎన్విడియా వారి ఎస్‌ఎల్‌ఐ పద్ధతిలో ఆటకు కావలసిన సరుకంతా రెండు కార్డుల్లోనూ విడివిడిగా నిల్వ ఉండాలి కాబట్టి, 4కు 4 కలిపినా చేతికందేది 4 మాత్రమే. పైగా 970లోని చివరి అర జీబీ మిగతా మూడున్నర జీబీ కంటే బాగా నెమ్మదిగా నడుస్తుందని 2015 జనవరిలోనే బయటపడింది. ఆ సంగతి తెలిసే, ధర తగ్గింది కదా అని కొన్నాను. ఆ తప్పు నాదే.

రెండో కూడిక కొన్నాళ్ళు చెల్లింది. ఒక ఫ్రేమును ఒక కార్డు, తరువాతి ఫ్రేమును రెండో కార్డు గీస్తాయి కనుక, ఆటకు తగిన డ్రైవర్ ప్రొఫైలు (ఆ ఆటలో రెండు కార్డులు పని ఎలా పంచుకోవాలో చెప్పే అమరిక) ఉన్నంతకాలం వేగం నిజంగానే పెరిగేది. అయితే జోడెడ్లలో ఒకటి అర అడుగు ముందుకేస్తే బండి కుదుపులిచ్చినట్టు, ఫ్రేముల సంఖ్య ఎక్కువగా కనిపిస్తున్నా వాటి మధ్య ఎడం సమానంగా లేక బొమ్మ తడబడేది. ఆ తరువాత వచ్చిన ఆటల్లో చాలా వరకు అంచులను నునుపు చేయడానికి కిందటి ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ ఫ్రేమేమో పక్క కార్డులో ఉంటుంది కనుక, దాని కోసం ఆగాల్సి వస్తుంది. ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే కొత్త పద్ధతులైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వచ్చాక రెండు కార్డులను నడిపే బాధ్యత ఆట తయారీదారుల మీద పడింది, వారిలో ఆ శ్రమ తీసుకున్నవారు కొద్దిమందే. 2021 జనవరి 1 నుంచి పాత తరం కార్డులకు కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు చేర్చబోమని ఎన్విడియా ప్రకటించింది. 2025 అక్టోబరుతో 970 తరానికి ఆటల డ్రైవర్లు కూడా ఆగిపోయి, భద్రతా సవరణలు మాత్రమే మిగిలాయి.

కిందికార్డు చల్లదనానికి కారణం ఇవేవీ కావు. నేను వాడే ఎడిటింగు సాఫ్ట్‌వేరు డావిన్చీ రిజాల్వ్ ఉచిత కూర్పు ఒకే గ్రాఫిక్స్ కార్డును వాడుకుంటుంది. రెండోదాన్ని వాడుకోవాలంటే డబ్బు పెట్టి స్టూడియో కూర్పు కొనాలి. అంటే పదేళ్ళుగా నా పగటి పనంతా ఒక్క 970 మీదే సాగింది! స్టూడియో కొన్నా ఒక్కో కార్డుకు ఉన్నది ఆ 4 జీబీయే. వరుడిది బరంపురం, వధువుది మా ఊరు అయితే పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ వేయాలి, పైగా ఇప్పుడు అందరూ 4కే అడుగుతున్నారు; అటువంటి వీడియోకు నాలుగు పొరలు, కాస్త రంగుల దిద్దుబాటు చేర్చేసరికి మెమరీ నిండిందన్న హెచ్చరికతో పని ఆగిపోయేది. నాది బ్లెండర్‌లో త్రీడీ బొమ్మల పని అయి ఉంటే మరో ఏడాది ఆగేవాణ్ణి, ఎందుకంటే అందులో బొమ్మలు గీసే సైకిల్స్ ఎస్‌ఎల్‌ఐ లేకుండానే రెండు కార్డులనూ వాడుకుంటుంది.

అందరూ చెప్పే విద్యుత్తు ఆదా మాత్రం నా విషయంలో అంతగా నిలవలేదు. రెండు 970లకు కలిపి 290 వాట్లు, కొత్త కార్డుగా నేను చూసిన ఆర్‌టీఎక్స్ 3060కు 170. రోజుకు ఐదు గంటలు పూర్తి బరువు మీద నడిపితే నెలకు 18 యూనిట్ల తేడా వస్తుంది. కానీ ఎడిటింగులో రెండో కార్డు ఎలాగూ ఖాళీయే కనుక, ఆ ఆదా ఆటల వేళకే పరిమితం. 2018 తిత్లీ తుఫాను తరువాత కొన్న నా యూపీఎస్ 600 వాట్లదే కావడంతో, రెండు కార్డులూ పనిచేస్తుండగా కరెంటు పోతే ఆట ముగించేంత వ్యవధి కూడా ఉండేది కాదు, నిజమే. దాని కోసం పాతిక ముప్పై వేలు పెడతామా?

ఏ కార్డు అన్న ప్రశ్నకు జవాబు మదర్‌బోర్డు చెప్పింది. కార్డును బోర్డుకు కలిపే దారి పేరు పీసీఐఈ, నాది దాని పాత తరమైన 3.0 బోర్డు. ఆర్‌టీఎక్స్ 4060 కొత్తదీ, 115 వాట్లతో సరిపెట్టుకునేదీ అయినా, దానికి ఎనిమిది లేన్లే (సమాచారం నడిచే బాటలు) ఉన్నాయి, మెమరీ 8 జీబీ. ఆ మెమరీ నిండి సమాచారం బయటికి పొంగిన రోజున పాత బోర్డు మీద ఇరుకుదారే దిక్కు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ (ప్రాసెసరుకు కార్డు మెమరీ అంతా ఒకేసారి అందేలా చేసే సదుపాయం) కావాలి, అది నా బోర్డులో లేదు. 2021 నాటి 3060కు పదహారు లేన్లు, 12 జీబీ. విశాఖపట్నం వెళ్ళినప్పుడు అదే తెచ్చాను.

ఎస్‌ఎల్‌ఐ చక్కగా పనిచేసిన పాత ఆటల్లో ఫ్రేముల సంఖ్య పెద్దగా పెరగలేదు, తడబాటు పోయిందంతే. 4కే టైమ్‌లైనులో మెమరీ హెచ్చరిక ఇంతవరకు రాలేదు. పైకార్డును అత్యవసరానికని అట్టపెట్టెలో దాచాను. కిందికార్డు పాతపట్నంలో ఉన్న మా మేనల్లుడికి ఇచ్చాను. పదేళ్ళలో తక్కువగా అలిసింది అదే కదా.