దింపు తోటలో ‘ఆయ్’

మొన్న సంక్రాంతికి కోనసీమలోని మా ఊరు వెళ్ళినప్పుడు, కొబ్బరి దింపు తీయడానికి వచ్చిన పెద్దాయనతో మా మామ్మ మాట్లాడుతుంటే అరుగు మీద కూర్చుని విన్నాను. “రేపు పెందలాడే ఒచ్చెయ్యి, గట్టవతల తోట కూడా దింపించేద్దాం” అని ఆవిడ అంటే, ఆయన “ఆయ్, ఒచ్చేత్తానండి” అన్నాడు. కూలి సంగతి వచ్చేసరికి అదే “ఆయ్” కాస్త సాగి, కిందికి దిగి, ‘విన్నాను గానీ ఒప్పుకోలేదు’ అన్న అర్థంలోకి మారిపోయింది. మామ్మకు ఆ తేడా వెంటనే తెలిసింది; మారుమాట లేకుండా కూలి పెంచింది. సినిమాల్లో గోదావరి మనిషి అనగానే ప్రతి వాక్యానికీ ఒక ఆయ్ తగిలిస్తారు కానీ, ఈ దిగుడు స్వరం మాత్రం ఏ నటుడి నోటా నేను వినలేదు.

నేటి ప్రామాణిక తెలుగుకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాడుకే ఆధారమని అందరూ చెబుతారు. నిజమే, అయితే ఆ ఆధారం చదువుకున్నవారి మాట మాత్రమే. తోటలోనూ చేలోనూ పలికే ‘ఒత్తాను, చేత్తాను, ఎల్లొత్తాను’ అందులో చేరలేదు. మా బడిలో ఒక మాస్టారు నా చేత ‘వస్తాను’ అని పదిసార్లు అనిపించి, పదకొండోసారి నేను మళ్ళీ ‘ఒత్తాను’ అంటే బెత్తం తీశారు. ప్రామాణిక భాష పుట్టిన నేలలోనే మా యాసకు దెబ్బలు పడ్డాయన్నమాట.

పదాల సంగతి వేరు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయించారు. పని మారి పదం పోయినా కనీసం కాగితం మీద మిగులుతుంది. తెలంగాణలో వానాకాలం, యాసంగి అనే పంటలను మా దగ్గర సార్వా, దాళ్వా అంటాం. కాలవలకు నీళ్ళు వదిలినంతకాలం ఆ మాటలకు ఢోకా లేదు. స్వరానికి అటువంటి కాపుదల లేదు, ఎందుకంటే సాగిన ఆయ్‌కీ తెగిన ఆయ్‌కీ రాతలో ఉన్నది ఒకటే రూపం.

ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్న నేను ఆఫీసులో ఒకలాగా, మామ్మతో ఫోనులో ఇంకోలాగా మాట్లాడతానని మా అమ్మాయి నవ్వుతుంది. ఆ రెండోది చెక్కుచెదరలేదని నాకో నమ్మకం ఉండేది (కొంచెం గర్వం కూడా). తిరుగు ప్రయాణం నాటి ఉదయం, సంచిలో కొబ్బరికాయలు సర్దుతూ మామ్మ “మళ్ళీ ఉగాదికి ఒత్తారా?” అని అడిగితే, నేను హుషారుగా “ఆయ్!” అన్నాను. ఆవిడ చేతిలోని కాయ పక్కన పెట్టి నా వంక వింతగా చూసింది.

“ఇంట్లోవోళ్ళతో ఆయ్ ఏంట్రా? నేనేవన్నా పరాయిదాన్నా?”