నల్లబల్ల మీద నిలువు గీత: క్లౌస్ షోల్డర్ చరిత్ర

క్రైస్తవ సంఘ చరిత్ర క్లాసులో అయ్యగారు నల్లబల్ల నడిమికి నిలువుగా గీత గీసి, ఎడమ పక్క ‘ప్రొటెస్టంట్’, కుడి పక్క ‘కతోలిక’ అని రాసి, అంచున, జర్మనీలో హిట్లర్ అధికారానికొచ్చిన 1933 తేదీలు వేసేవారు. గీత అయ్యగారిదే గానీ, దాని వెనకున్న ఆలోచన, నాజీ కాలపు జర్మన్ సంఘాల చరిత్ర రాసిన క్లౌస్ షోల్డర్‌ది. ఆ పేరు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగానే గుర్తున్న పాత విద్యార్థుల కోసం ఈ నాలుగు ముక్కలు.

షోల్డర్ 1930లో హైడెల్‌బెర్గ్‌లో పుట్టారు. మొదట పట్టుకున్న విషయం హిట్లర్ కాలం కాదు, 17వ శతాబ్దంలో బైబిలు విమర్శ ఎలా పుట్టిందన్నది. బాన్‌లో ఫ్రీ డెమోక్రాట్ల పార్టీ కార్యాలయంలో కొన్నాళ్లు పనిచేశారు. తర్వాత ట్యూబింగెన్‌లో సంఘ చరిత్ర ప్రొఫెసర్ అయ్యారు. రాజకీయ బేరసారాలు ఎలా నడుస్తాయో దగ్గరగా చూసిన కన్ను నాజీ కాలపు సంఘాల మీద ఆయన రాసిన పుస్తకంలో అడుగడుగునా తెలుస్తుంది.

ఆయనకు ముందు ప్రొటెస్టంట్లు నాజీ కాలంలో తమ పోరాటం గురించి తాము రాసుకున్నారు, కతోలికులు తమ గురించి తాము రాసుకున్నారు. ప్రొటెస్టంట్ల వైపు రాసినవారిలో చాలామంది ఆ పోరాటంలో ఉన్నవారే, కాబట్టి సాక్షీ వాళ్లే, జడ్జీ వాళ్లే. షోల్డర్ రెండు కథలనూ ఒకే కథగా అల్లారు. 1977లో వచ్చిన మొదటి సంపుటం దాదాపు 900 పేజీలు. అది 1933తో కాదు, 1918తో మొదలవుతుంది. అప్పటిదాకా జర్మనీలో ఒక్కో రాజ్యంలో రాజే ప్రొటెస్టంట్ సంఘానికి పెద్ద. రాజులు పోయారు, 28 ప్రాంతీయ సంఘాలకు తల లేకుండా పోయింది. ఇక ప్రభుత్వ సంఘమంటూ ఉండదని, రాజుల తర్వాత వచ్చిన వైమార్ రాజ్యాంగం రాసింది. సంఘ పన్ను హక్కు మాత్రం ఉంచింది. ఈ సగం తెగిన బంధం అర్థం కాకపోతే 1933లో పాస్టర్లు ఎందుకంత ఉత్సాహపడ్డారో అంతుపట్టదు.

గీతకు రెండు పక్కలా ఉన్న వరుసలను కలిపి చదవడం వల్ల ఒరిగేదేమిటో ఒక్క పన్నెండు రోజుల్లో చూపించవచ్చు. 1933 జూలై 14న హిట్లర్ మంత్రివర్గం ఒకే రోజున వాటికన్‌తో ఒప్పందానికి సరేనంది, ప్రొటెస్టంట్ సంఘాలను ఒక్కటి చేసే కొత్త నియమావళిని చట్టం చేసింది, నాజీ పార్టీ తప్ప వేరే పార్టీ ఉండకూడదంది, వంశపారంపర్య రోగులకు బలవంతంగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసే చట్టమూ తెచ్చింది. ఆ చివరి చట్టాన్ని వెంటనే ప్రకటించలేదు. 20న రోములో ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 22 రాత్రి హిట్లర్ రేడియోలో నాజీ అనుకూల ‘జర్మన్ క్రైస్తవుల’ తరఫున మాట్లాడాడు, 23న సంఘ ఎన్నికల్లో వాళ్లు దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు కొట్టేశారు. రెండు సంఘాల పనీ అయ్యాక, 25న శస్త్రచికిత్స చట్టం గెజెట్‌కెక్కింది. ఒక్క వరుసే చూసేవాడికి ఈ ఆలస్యం ఎందుకో తెలియదు.

అయితే ఈ పద్ధతి కాలు జారేది కూడా ఇక్కడే. అదే ఏడాది మార్చి 23న హిట్లర్‌కు అసాధారణ అధికారాలిచ్చే చట్టానికి కతోలికుల సెంటర్ పార్టీ ఓటేసింది. వ్యతిరేకంగా పడిన 94 ఓట్లూ సోషల్ డెమోక్రాట్లవే. మార్చి 28న కతోలిక బిషప్పులు నాజీల మీద అంతకుముందు పెట్టిన నిషేధాలు ఎత్తేశారు. ఏప్రిల్ మొదట్లో సెంటర్ పార్టీ అధ్యక్షుడు కాస్ రోముకు రైలెక్కాడు. దారిలో వైస్ ఛాన్సలర్ పాపెన్ కలిశాడు. ఈ మూడింటినీ కలిపి, ఓటుకు బదులుగా వాటికన్‌తో ఒప్పందం అనే బేరం ముందే కుదిరిందన్నారు షోల్డర్. బాన్‌కు చెందిన కతోలిక చరిత్రకారుడు కొన్‌రాడ్ రెప్గెన్ దీన్ని గట్టిగా ఖండించారు. తేదీలు దగ్గరగా ఉన్నంత మాత్రాన బేరం రుజువు కాదు. పైగా సెంటర్ పార్టీలో అప్పటి పెద్ద నాయకుడు బ్రూనింగ్ ఎప్పుడో రాసుకున్న జ్ఞాపకాల మీద షోల్డర్ ఎక్కువ బరువు మోపారు. ఆ కాలపు వాటికన్ దస్తావేజులు 2003లో కొన్ని, 2006లో మిగతావి తెరిచారు. బేరం కుదిరిందని నిరూపించే కాగితం అందులో దొరకలేదు. నా మటుకు నాకు ఈ ఒక్క విషయంలో రెప్గెన్ వాదనే నిలిచింది. అయినా ప్రశ్న వేసిన ఘనత షోల్డర్‌దే.

లూథరన్ సంఘాల్లో పెరిగిన మనవాళ్లకు ఎక్కువ పట్టేది 1934 కథ. జనవరి 25న ప్రొటెస్టంట్ పెద్దలు హిట్లర్‌ను కలిసినప్పుడు, నాజీలను ఎదిరించే పాస్టర్ నీమొల్లర్ ఆ ఉదయమే ఫోన్‌లో మాట్లాడిన మాటలను హిట్లర్ మంత్రి గోరింగ్ కాగితం తీసి చదివాడు. బిషప్పులు బెంబేలెత్తి, రెండు రోజులకే నాజీల మనిషి, దేశంలోని ప్రొటెస్టంట్లందరికీ పెద్ద అయిన రైష్ బిషప్పు ముల్లర్ వెనక నిలబడ్డారు. మేలో బార్మెన్ ఊళ్లో, ముల్లర్‌ను ఎదిరించే ప్రొటెస్టంట్ల సినడ్ (ప్రతినిధుల సభ) జరిగింది, ఆరు సూత్రాలు ప్రకటించింది. ముసాయిదా రాసింది వేదాంతి కార్ల్ బార్త్. తనతో పాటు ఆ పనిలో ఉన్న లూథరన్లిద్దరూ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కాఫీ తాగుతూ రాసేశానని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. ప్రభుత్వం గురించిన అయిదో సూత్రానికి తల మీద పెట్టిన వాక్యం చూడండి. పాస్టర్లు అలవాటుగా ఎత్తే రోమా 13, ‘ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను’ కాదు. 1 పేతురు 2:17, ‘దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి’. లోబడడం వేరు, సన్మానించడం వేరు. పైగా భయం దేవుడి వంతు. న్యాయం, శాంతి చూడడం ప్రభుత్వం పని, మనిషి బతుకు మొత్తానికీ అదే దిక్కు కావడం మాత్రం దాని పని కాదని ఆ సూత్రం చెబుతుంది. ఆరింట్లోనూ యూదుల ఊసు లేదు. ఆ లోటును బార్త్ 1967లో తన తప్పుగా ఒప్పుకున్నారు. 1933 ఏప్రిల్ 1న యూదుల దుకాణాల బహిష్కరణ నాటి సంఘాల మౌనాన్ని షోల్డర్ కూడా దాటవేయలేదు.

రెండో సంపుటం 1985లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, 55 ఏళ్లకు, ఆయన పోయారు. కథ 1934 చివరితో ఆగిపోయింది. శిష్యవర్గం నుంచి గెర్‌హార్డ్ బెజియర్ 2001లో మూడోది తెచ్చి 1937 దాకా నడిపారు. మొదటి రెండిటికీ జాన్ బౌడెన్ ఇంగ్లీషు అనువాదం ఉంది. 1938 నవంబరులో యూదుల ప్రార్థనాలయాలు తగలబడిన రాత్రి గురించి వెతికేవారు వేరే పుస్తకాలు చూసుకోవాలి, షోల్డర్ అక్కడిదాకా రాలేదు.